ఇంకొక్కసారి ఆ పాట

"రీలు తగలబడుతుంది, దోన్యా కూకా," అన్నాడు ఎవారిస్తో. "రీలుతో పాటు ఈ గదీ, నేనూ."

ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

కింద హాల్లో జనం కాళ్లతో నేల దడదడలాడిస్తున్నారు. పాట నచ్చితే సినిమా ఆపించి, రీలు వెనక్కి తిప్పించి మళ్లీ వేయించుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఆపరేటర్‌గా ఎవారిస్తో ఎప్పుడూ కాదనలేదు. ఈవేళ కాదన్నాడు. ఎన్ని ఊళ్లు తిరిగొచ్చిందో ఆ రీలు, అంచుల్లో చిల్లులు చినిగిపోయాయి. యంత్రంలో ఇరుక్కుందంటే దీపం వేడికి అంటుకుంటుంది. గదికున్నది ఒకటే తలుపు.

కానీ ఇదే ఆఖరి ఆట. సాయంత్రం రైలుకి డబ్బాలు వెళ్లిపోతాయి. మళ్లీ ఈ కొండల్లోకి రావు.

"ఇంకొక్కసారి," అంది. "ఆ పాట ఒక్కటే."

కంచరగాడిదలు తోలుకునే కుర్రాడు మహాగాయకుడైన కథ అది. సారాయి కొట్లో పాడి అతను మొదటిసారి చప్పట్లు కొట్టించుకునే పాట ఇది. ఈ వారమంతా దోన్యా కూకా రోజూ వచ్చింది. ముందు వరసలో ఎడమ గోడవార, మెడలు పట్టేసే చోట కూర్చునేది. పాట అవగానే లేచి వెళ్లిపోయేది. అతనికి చివరికి పేరొచ్చిందో లేదో కూడా ఆమెకి తెలీదు.

"ఇంట్లోంచి శవం లేచి ఏడాది తిరగలేదు, అప్పుడే ఆ మీసాలవాడి మీద మోజా!" అని ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఆ మీసాలాయనకి పెళ్లయిపోయిందటమ్మా," అన్నాడు ఎవారిస్తో, నవ్వించి పంపేద్దామని.

ఆమె నవ్వలేదు. నల్ల శాలువా కొంగు పిడికిట్లో నలుపుతోంది.

"తడిగోనె పట్టుకుని నేనే నించుంటాను. వెయ్యి నాయనా."

అతను ఆ ముఖం చూడలేకపోయాడు. రీలు వెనక్కి తిప్పాడు.

పాట మొదలైంది. హాలు ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆమె గోనె పట్టుకుని గోడ కంతలోంచి తెరని చూస్తోంది. ఎవారిస్తో కళ్లు మాత్రం రీలు మీదే ఉన్నాయి. మొదటి చరణం గడిచింది. ఊపిరి వదిలాడు.

రెండో చరణంలో యంత్రం కర్రుమంది.

తెర మీద గాయకుడు నోరు తెరిచి ఆగిపోయాడు. బొమ్మ నడిమధ్య గోధుమరంగు మచ్చ పుట్టింది. గిటారుని తినేసింది. మీసాలని తినేసింది. ముఖం మొత్తం తినేసి ఎడమకి పాకసాగింది.

"ఆర్పెయ్!" ఆమె కేక హాలంతా వినబడింది. "ఆ పక్కకి పోతోంది, ఆర్పెయ్!"

అతను దీపానికి రేకు అడ్డం దించాడు. ఆమె గోనె పారేసి, వట్టి చేత్తో రీలు బయటికి లాగేసింది. చిటికెడు పొగ లేచింది. అంతే, గది దక్కింది.

కింద ఈలలు. "కాకరో! ఏయ్ కాకరో, నిద్రపోయావా?" తెర నల్లబడితే ఏ ఊళ్లోనైనా ఆపరేటర్‌కి పడే పిలుపే అది.

ఎవారిస్తో మాడిన ముక్క కత్తిరించి పక్కన పెట్టాడు. ఆమె వేళ్లు బొబ్బలెక్కాయి. అతనికి జాలేసింది. అతుకు కోసం కోసిన మంచి ముక్క ఒకటి ఏరి ఇచ్చాడు.

"ఉంచుకోండి దోన్యా. గాయకుడి ముఖం నిండుగా ఉంది. ఎవరికీ చెప్పనులెండి."

ఆమె దానికేసి చూడనైనా లేదు.

"ఆ మాడిందివ్వు."

"అందులో ఆయన లేడమ్మా. వట్టి బొగ్గు."

"ఇవ్వు నాయనా."

తీసుకుని బల్బు వెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఏముందా అని ఎవారిస్తో ఆమె భుజం మీంచి వంగి చూశాడు.

కాలిపోయిన గాయకుడికి ఎడమవైపు, చిట్టచివరి బల్ల దగ్గర, మేడలు కట్టే పనికని రాజధానికి వెళ్లి శవప్పెట్టెలో తిరిగొచ్చిన ఆమె కొడుకు నాబోర్, సినిమావాళ్లిచ్చిన అద్దె టోపీ ఒకటి పెట్టుకుని, నవ్వుతూ చప్పట్లు కొడుతున్నాడు.