పాలపన్ను సాక్ష్యం

"వేరే ప్రజాతీ లేదు, గాడిదగుడ్డూ లేదు అన్నయ్యా! మీది నా జంతువు పిల్ల, అంతే!" అని ప్రొఫెసర్ బల్ల గుద్దాడు. బల్ల మీదున్న దవడ ఎముక ఎగిరిపడింది. అది అగ్గిపుల్ల ముక్కంత ఉంటుంది.

ఎదురుగా కూర్చున్న తోడల్లుడిది కూడా మా మ్యూజియంలో అదే శిలాజాల ఉద్యోగం. ఆయన ఎముకని జాగ్రత్తగా సర్దిపెట్టాడు. "పిల్లేమిటి తమ్ముడూ? పన్ను చూడు. నీ దానికి మూడు మొనలు ఒకే వరసలో ఉన్నాయి, లోపలివైపు గట్టుంది. నా దానికి గట్టు లేదు. ఇది వేరే జంతువే."

డైనోసార్ల కాళ్ల కింద బిక్కుబిక్కుమంటూ పురుగులు ఏరుకుతిన్న తొలి క్షీరదం అది. చుంచెలుకంత ఉంటుందేమో. అది అంతరించి కోట్ల ఏళ్లయినా, దాని పళ్ల కోసం మేం ఇంకా పళ్లు నూరుకుంటూనే ఉంటాం. మా వృత్తే అంత. పైగా ఇక్కడ అసలు గొడవ పళ్లది కాదు. ప్రొఫెసర్ తన ప్రజాతికి భార్య పేరు పెట్టుకున్నాడు. తోడల్లుడు తన దానికి తన భార్య పేరు పెట్టాడు. అంటే ప్రొఫెసర్ భార్యకి అక్క పేరు. రెండూ ఒకటేనని తేలితే, అక్కచెల్లెళ్లలో ఒకరి పేరు శాస్త్రంలోంచి ఎగిరిపోతుంది.

"స్కాన్ తీయిద్దాం. పాలపన్నయితే దాని కింద అసలు పన్ను దాక్కుని ఉంటుంది," అన్నాడు ప్రొఫెసర్.

"శుభ్రంగా తీయించు," అని తోడల్లుడు నవ్వాడు. ఆ నవ్వు చూసైనా ఆగాల్సింది. కోపం వచ్చినవాడికి చదువు గుర్తుంటుందా!

స్కానర్ నడిపేది ప్రొఫెసర్ భార్యే. ఎముకని చూడగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "బావగారిదేనా? ఇలా తెండి. కనిపించినప్పుడల్లా 'నా జంతువు, నా జంతువు' అని మా అక్క చంపుకు తింటోంది."

తెర మీద దవడ లోపలి భాగం కనిపించింది. పన్ను వేళ్ల కింద ఇంకో పన్ను పైకి రావడానికి సిద్ధంగా ఉంది. దానికి మూడు మొనలున్నాయి.

"గట్టు కూడా ఉందండీ! నా పేరే గెలిచింది!" అని ఆవిడ కేక పెట్టింది.

"గెలవక? మొగుడెవరనుకున్నావు!" అని ప్రొఫెసర్ కాలర్ ఎగరేసి, వెళ్లి తోడల్లుణ్ణి రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. "చూడండి అన్నయ్యా! పాలపళ్ల పసిపిల్లకి వేరే ఇంటిపేరు తగిలించారు. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?"

తోడల్లుడు తాపీగా కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. "ఒప్పుకున్నాను తమ్ముడూ. రెండూ ఒకటే. కావాలంటే రాసిస్తాను."

"అయితే మీ పేరు కొట్టేసినట్టే కదా?"

"నాదెందుకు కొట్టేస్తారు? ఒకే జంతువుకి రెండు పేర్లుంటే ముందు అచ్చయిందే నిలుస్తుందని ఏటా క్లాసులో పాఠం చెప్పేది నువ్వే కదయ్యా! అక్కడ పిల్లా పెద్దా అని చూడరు. నాది నీ దానికంటే ముందే అచ్చయింది."

ప్రొఫెసర్ ఎగరేసిన కాలర్ మెల్లగా దించుకున్నాడు. ఎవరి గొయ్యి వాళ్లే తవ్వుకోవడం మా తవ్వకాలవాళ్లకి మామూలే.

భార్య స్కానర్ కట్టేసి ఆయన వైపు తిరిగింది. "పుట్టింట్లో అన్నీ అక్క వాడేసినవే నాకొచ్చేవి. మిమ్మల్ని కట్టుకున్నాక నాకంటూ ఒక్కటి దక్కిందనుకుంటే, దాన్ని కూడా మా అక్కకే కట్టబెట్టారా మహానుభావా!"