మాథుర్ సారు బొటనవేలు

బీడీలు చుట్టి చుట్టి నా భార్య పోసవ్వ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. వేలిముద్ర సరిపోలలేదని, పరాయి దేశస్థురాలని కేంద్ర అధికారి మాథుర్ ఆమెను నిర్బంధ శిబిరంలో పెట్టించాడు. అక్కడే పోయింది.

ఇప్పుడు అధికారి మీద దావా వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోర్టు ఫోన్‌లోనే ఉంటుంది. గెలిచినవాళ్లే శిక్ష కోరుకోవచ్చు. నేను గెలిచాను. తన వేలి గీతలు అరిగేదాకా మాథుర్ రోజూ మా వాకిట్లో బీడీలు చుట్టాలన్నాను. కోర్టు ఒప్పుకుంది.

"ఆకు తడపాలె సారూ. ఎండాకు చుడితే చినుగుతది," అన్నాను మొదటిరోజు.

"నడుము పోతోంది, పెద్దాయనా."

"మా ఆడోళ్లకు నడుముల్లేవనుకున్నవా?" అని పక్కింటి లసుమవ్వ నవ్వింది.

ఎనిమిదో నెలలో ఒక ఉదయం, వేలిముద్ర వేస్తేనే తెరుచుకునే బస్సు తలుపు ఆయన వేలిని గుర్తుపట్టలేదు. ఎండలో నడిచొచ్చాడు.

"నేను మాథుర్‌నే కదా!" అన్నాడు.

"మాకెట్ల తెలుస్తది సారూ? మిషిన్ చెప్పాలె గదా," అంది లసుమవ్వ.

నాకు హాయిగా అనిపించింది. ఫోన్‌లో జడ్జి అడిగింది: "శిక్ష పూర్తయింది. ఆయన్ని క్షమించారా?"

"లేదు. ఇంటికి పొమ్మనుండ్రి. పోయే తొవ్వల వేలిముద్ర అడిగినోళ్లకు జవాబు ఆయనే చెప్పుకుంటడు."