ఎత్తారా తాత

ఫోన్ మోగింది. చిన్నమేడం ఒక్క ఉదుటున ఎత్తింది.

"హలో, చెప్పండి. వింటున్నాను."

"ఎత్తారా తల్లీ?"

"ఎత్తాను తాతగారూ. చెప్పండి."

"ఎత్తారు కదా, అంతే చాలు. ఉంటాను."

టక్కున పెట్టేశాడు.

రోజూ ఇదే తంతు. పొద్దున్నే గది తాళం తీసీ తియ్యకముందే ఒకసారి, భోజనాల వేళకి ఒకసారి, సాయంత్రం ఒకసారి. పేరు చెప్పడు, కష్టం చెప్పడు.

"మీ ఎత్తారా తాత పలకరించాడా?" అన్నాడు పక్క కుర్చీలో తోటి విద్యార్థి. "నీ పెళ్లికి మొదటి శుభలేఖ ఆయనకే వెయ్యాలి."

"నువ్వూరుకో."

ఇద్దరూ కమ్యూనిటీ సైకాలజీలో పీజీ ఆఖరి ఏడు చదువుతున్నారు. ఒక్క మనిషి మనసే కాదు, వీధికి వీధి మనసునే కనిపెట్టి చూసే చదువది. అందులో భాగంగానే ఈ ఇరుకు వీధిలో, ఈ గదిలో కూర్చుని, దుఃఖం గొంతుదాకా వచ్చినవాళ్లు ఫోన్ చేస్తే వినాలి. పంపిన ప్రొఫెసరు వీధివాళ్లకి పెద్దమేడం, ఈ పిల్ల చిన్నమేడం. పక్క కుర్చీవాడికి కబుర్ల బాబని పేరు పెట్టారు. అందుకు వాడికి కాస్త ఉడుకుమోత్తనం కూడా.

చిన్నమేడం మనసుపెట్టి వినేది. ఆ మాట కాదనకూడదు. ఇస్త్రీ దుకాణం అతని భార్య అయితే, "మీ గొంతు వింటే ఆ పూటకి గట్టెక్కుతాను మేడం" అనేది.

వినే మనిషి దొరికితే వీధి తేరుకుంటుందని చిన్నమేడం థీసిస్. తేరుకుంటే ఫోన్లు తగ్గాలి కదా! తగ్గలేదు. వచ్చేవాటిలో సగం తాతవే.

పెద్దమేడం పెదవి విరిచింది. "ఏమ్మా, ఇన్నాళ్లు కూర్చుని ఏం తేల్చావని అడిగితే ఏం చెప్తావు?"

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రం మళ్లీ ఫోన్.

"ఎత్తారా తల్లీ?"

"తాతగారూ, అసలు మీకు బాధేమిటి?"

"నాదేముందమ్మా, అయిపోయింది."

"మరెందుకు చేస్తారు? పొద్దుపోక మీరిలా చేస్తుంటే, అవతల ప్రాణం మీదికొచ్చినవాళ్లకి లైన్ దొరకదు. వాళ్లకేమైనా అయితే ఆ పాపం ఎవరిది?"

 

"నా వల్ల దొరక్కపోవడమా... అయ్యయ్యో! ఆ ఆలోచనే రాలేదు తల్లీ. ఇంక చెయ్యను."

"మంచిది."

"మీరు మాత్రం ఎత్తుతూ ఉండండమ్మా."

అంతే, మళ్లీ చెయ్యలేదు.

కొన్నాళ్లకి మంచినీళ్ల గొట్టాల కోసమని వీధి చివర తవ్వకం మొదలుపెట్టారు. దుమ్ము పడలేక ఇద్దరూ కిటికీ మూసుకున్నారు. అప్పట్నించీ విచిత్రంగా ఫోన్లు ఆగిపోయాయి. ఒక రోజు లేదు, మర్నాడూ లేదు, ఆ పై రోజూ లేదు.

"చూశావా, వీధి బాగుపడింది!" అంది చిన్నమేడం. మొహం మతాబాలా వెలిగిపోయింది.

"లేకపోతే నీ గొంతుకి జడిసి పారిపోయింది," అన్నాడు కబుర్ల బాబు.

ఆ నవ్వులోనే ఆఖరి అధ్యాయం రాసేసింది. పెద్దమేడం వీపు తట్టింది.

మర్నాడు గుమ్మంలో కానిస్టేబులు.

"ఈ నంబరు మీదేనా?"

"మాదేనండీ."

"ఇస్త్రీ దుకాణం అతని భార్య పోయింది, తెలుసా? పోయేముందు చేసిన ఫోన్లన్నీ మీకే. ఒక్కటీ ఎత్తలేదేం?"

చిన్నమేడం ఫోన్ వైపు చూసింది. "ఇక్కడే ఉన్నామండీ... మోగలేదు."

"'రింగ్ అవుతోంది వదినా, మేడం ఎత్తడం లేదు' అని పక్కింటావిడతో అందట. ఆవిడ పొయ్యి మీది పాలు దించి వచ్చేలోపు ఈవిడ తలుపేసుకుంది."

చిన్నమేడం రిసీవరు తీసి చెవిదగ్గర పెట్టుకుంది. గుయ్యిమనే చప్పుడు కూడా లేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పెట్టి మళ్లీ తీసింది. రాయిలా ఉంది.

లైన్‌మ్యాన్ వచ్చి గోతిలోంచి తెగిన తీగ పైకి లాగాడు.

"ఎప్పుడో తెగిందమ్మా ఇది. చేసేవాళ్లకి రింగ్ వినపడుతూనే ఉంటుంది. మీకు మోగదు. ఒక్కసారైనా ఎత్తి చూసుకోలేదా?"

"ఇదివరకెప్పుడూ పోలేదు," అంది చిన్నమేడం.

"ఎందుకు పోలేదు? చినుకు పడితే పోయేది. పోయిన పూటే ఆ పెద్దాయన వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. బాగుచేసేదాకా కదిలితే ఒట్టు. 'నీకు దణ్ణం పెడతా తాతా, ఇంటికెళ్లు' అన్నా వినేవాడు కాదు. ఈసారి రాలేదేం? ఒంట్లో బాగుందా?"



"ఏ... ఏ పెద్దాయన?" అంది చిన్నమేడం, తెలిసి కూడా.

"అదేనమ్మా, రోజూ ఎత్తారా అని అడుగుతాడు చూడండి, ఆయన. మీకు చెప్పలేదా?"

చిన్నమేడం తల అడ్డంగా ఊపింది.

లైన్‌మ్యాన్ తీగ కొసలు రెండూ చేతిలోకి తీసుకుని తొక్క ఒలవడం మొదలుపెట్టాడు.

"మీరు రాకముందు సంగతి లెండి. ఇలాగే తీగ తెగిన రోజున, ఈ నంబరుకే చేసి చేసి, ఎవరూ ఎత్తడం లేదని ప్రాణం తీసుకున్న పిల్ల ఆయన కూతురమ్మా."