పధ్నాలుగో నంబరు పిల్ల

ఎండలు యాభై డిగ్రీలు దాటినప్పటి నుంచి వేసవిలో కొల్లేటికి మనుషులు రావడం మానేశారు. కొంగపిల్లల్లాగే ఉండే మరపిల్లల్ని గూళ్ళలో పెట్టి, వాటి కెమెరా కళ్ళతో పక్షుల్ని ఇళ్ళలోనే చల్లగా కూర్చుని చూస్తున్నారు. వీపున ఎండ పడితేనే వాటికి చార్జింగ్.

"మామ్మగారూ, పధ్నాలుగో నంబరు చార్జింగ్ ఎక్కట్లేదండీ," అన్నాడు చెవిలో ఫోన్‌లోంచి ఆఫీసులోని నిహాల్. "వాన లేకుండానే రోజుకు మూడుసార్లు తడుస్తోందట కూడా. మధ్యాహ్నానికల్లా ఆగిపోద్ది. చూసేవాళ్ళు గోల పెడుతున్నారు."

"వెళ్తన్నా ఉండవయ్యా, పడవకేమన్నా రెక్కలా?" అంది మరపిల్లల బాగోగులు చూసే డెబ్బయ్యేళ్ళ హారికమ్మ.

గూడు కనబడగానే ఆమె గెడ వేయడం ఆపేసింది. మొన్నటి వడగాడ్పుకు గుడ్లన్నీ పాడైపోయిన కొంగ, మరపిల్ల మీద రెక్కలు గొడుగులా విప్పి, రొప్పుతూ నిలబడి ఉంది. కాసేపటికి మగకొంగ వచ్చి, నోట పట్టి తెచ్చిన నీళ్ళు మరపిల్ల నెత్తిన పోసింది. తర్వాత రెక్కల కాపలా తను అందుకుంది.

"కనబడిందా మామ్మగారూ? కాస్త ఎండలోకి జరిపేయండి."

"ఎట్టా జరిపేది బాబూ? వాళ్ళమ్మానాన్నా ఊరుకోరు."

చూసిందంతా చెప్పింది.

"మరి చార్జింగ్ అయిపోతేనండీ?" అన్నాడు నిహాల్.

"నిద్దరపోయిందనుకుంటాయిలే. నువ్వు కూడా కాస్త మెల్లిగా మాట్లాడు," అంటూ హారికమ్మ గెడ చప్పుడు కాకుండా పడవ వెనక్కి తిప్పింది.