నిగనిగ యాప్‌లో పదకొండో మనిషి

"వాడేవాళ్లు పదకొండు మందేనా అక్కా?" అన్నాడు శివశంకర్.

"పదకొండు మందే," అంది సాహితి. "అందులో పదిమంది మన చుట్టాలు."

కర్నూలులో వాళ్లింటి మేడమీది గదిలో కూర్చుని, ఆరునెలలుగా ఆమె, చిన్నాన్న కొడుకు శివశంకర్ కలిసి తయారుచేసిన యాప్ అది. పేరు 'నిగనిగ'. చర్మం గురించి ఓనమాలు తెలియనివాళ్లకు నలభై చిన్న పాఠాలు. చదవలేనివాళ్లకు ఫోనే చదివి వినిపిస్తుంది.

కడప హాస్టల్లో చదివేటప్పుడు సాహితి మొటిమల మీద నిమ్మరసం, టూత్‌పేస్టు, పక్కమంచం పిల్ల క్రీమూ ఒకేసారి పూసుకుంది. మూడు వారాలు ముఖానికి చున్నీ చుట్టుకుని తిరిగింది. అందుకే ఆమె పాఠాల్లో ఒక్క కష్టమైన మాట లేదు. చర్మం అని కూడా రాయలేదు. తోలు అని రాసింది. 'దాహమేస్తే తోలు పగులుతుంది.' 'ఏ మందైనా ముందు ఒక మూల వేసి చూడు.'

"తోలంటే చెప్పులంగడి అనుకుంటారక్కా!" అని శివశంకర్ మొత్తుకున్నాడు. ఆమె వినలేదు.

పదకొండో మనిషి పేరు మద్దిలేటి. కోడుమూరు అవతల పల్లె. నలభై పాఠాలూ పూర్తి చేసింది అతనొక్కడే. సాహితి వాళ్లమ్మే నాలుగో పాఠం దగ్గర ఆగిపోయింది.

ఉండబట్టలేక సాహితి అతనికి ఫోన్ చేసింది.

"మద్దిలేటన్నా, నేను నిగనిగ సాహితిని. పాఠాలు ఎట్లున్నాయన్నా?"

"నువ్వేనామ్మా! శానా బాగుండాయి తల్లీ. ఇన్నాళ్లు తెలీక చెడగొట్టుకుంటిమి. వారం ఎండబెట్టేది, ఒక్కతూరి నీళ్లలో ముంచేది. తోలు పగలక ఏమైతాది? ఇప్పుడు నువ్వు చెప్పినట్ల పూటపూటకూ ఇన్ని నీళ్లు. పగుళ్లు నిలిచిపోయినాయి."

"మరి ఎండకు?"

"పదకొండు నుంచి మూడు దాకా గుడ్డ కప్పుతాండాం."

సాహితికి కళ్లు చెమర్చాయి. ఎంత చెప్పినా సొంత చెల్లెలే కప్పుకోలేదు.

"మందులు?"

"ముందర అంగడాయప్ప ఏదిస్తే అది, నాలుగు కలిపి కొడతాంటిమి. ఇప్పుడు ఒకటే. అది గూడా ఒక మూల చూసినాకనే."

కొట్టడమంటే స్ప్రే కాబోలని సాహితి కాగితం మీద రాసుకుంది.

"పోయిన తూరి చూసేకొచ్చినోళ్లు మచ్చలు చూసి మొగం తిప్పుకుని పోయిరమ్మా," అన్నాడు మద్దిలేటి. "మా ఇంటామె రెండు దినాలు బువ్వ తిన్లేదు. ఈ తూరి బళ్లారి నుంచి ఒకాయప్ప, మద్రాసు నుంచి ఒకాయప్ప, నాకంటే నాకని కొట్లాడుకున్న్యారు!"

ఫోన్ పెట్టేసి సాహితి గదిలో గంతేసింది.

"శివా! మన యాప్ వల్ల ఒక అమ్మాయికి పెళ్లి కుదరబోతోందిరా!"

ఆ మరుసటి వారమే ఊళ్లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కొత్త యాప్‌ల పోటీ. గెలిస్తే ఏడాదిపాటు ఆఫీసు గది ఉచితం. ఓడితే శివశంకర్ బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోతాడు. అక్కాతమ్ముళ్ల మధ్య ముందే అనుకున్న మాట అది. పోటీకి నిబంధన ఒక్కటే. యాప్ వాడి బాగుపడ్డవాళ్లను వేదిక మీద చూపించాలి. చుట్టాలు చెల్లరు.

సాహితి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నా, అడగడానికి నాకే ఇబ్బందిగా ఉంది. పదిమంది ముందుకు తీసుకొస్తావా?"

"దానికేమమ్మా! చూపిచ్చుకునేకి సిగ్గెందుకు? ఆటోలో ఏసుకొస్తా."

పోటీ రోజు రానే వచ్చింది. నిర్ణేతలు ముగ్గురు. మధ్యలో కూర్చున్నావిడ చర్మవ్యాధుల డాక్టరు. మచ్చలున్నాయని వచ్చినవాళ్లు వచ్చినట్టే తిరిగిపోయిన ఒక పల్లెటూరి అమ్మాయి గురించి సాహితి చెప్పింది. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ అమ్మాయి తండ్రి మద్దిలేటి గారు!" అని పిలిచింది సాహితి.

తెల్లపంచె, భుజాన తువ్వాలతో మద్దిలేటి వేదిక ఎక్కాడు. ఒక్కడే వచ్చాడు. ముఖం వానల్లేని ఏడాది నల్లరేగడిలా నెర్రెలు విచ్చి ఉంది.

డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "ఇదేనా నలభై పాఠాల ఫలితం?"

"నాదెందుకు మేడమ్? నా మొగం చూసేదెవురు?" అని నవ్వాడు మద్దిలేటి.

సాహితి అతని వెనక మెట్ల వైపు చూసింది. "తీసుకురాలేదా అన్నా?"

"తెచ్చినా కదమ్మా. బయట ఆటోలో ఉండాది. ఎండ తగలగూడదని గోనెసంచి తడిపి కప్పినా."

హాలు హాలంతా లేచి నిలబడింది.

"గోనె కప్పి ఆటోలో పెట్టావా!" డాక్టరమ్మ కేక పెట్టింది. "ఎంతసేపైంది?"

"పొద్దున ఆరుకు బయల్దేరినాం. ఊపిరాడేకి పక్కల సందులుండాయిలే మేడమ్."

ఆ మాట పూర్తి కాకముందే డాక్టరమ్మ చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగింది. వెనక మిగతా నిర్ణేతలు. శివశంకర్ నీళ్ల సీసాతో పరుగెత్తాడు. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేస్తున్నారు. సాహితి మైకు అక్కడే వదిలేసింది. అందరినీ తోసుకుంటూ గేటు వైపు పరుగు తీసింది.

గేటు దగ్గర ఆటో చుట్టూ జనం మూగారు. గోనె ముట్టుకోవడానికి ఒక్కరికీ ధైర్యం లేదు.

"జరగండప్పా, అంత తోసుకుంటే నలిగిపోవా?" అంటూ మద్దిలేటి తీరిగ్గా వచ్చాడు.

"చూడు డాక్టరమ్మా, వీటిల్లో ఒక్కదానికన్నా మచ్చ ఉంటే నన్నడుగు," అని అతను గోనె లాగేసరికి, పెట్టె నిండా, నున్నగా, ఎర్రగా, టమోటాలు.