అడ్డం పడిన ముసలమ్మ

స్నానం చేస్తుంటే చేతికి తగిలాయి.

గజ్జల్లో నాలుగైదు పొక్కులు. నొప్పి లేదు, దురద లేదు. నున్నగా, గట్టిగా ఉన్నాయి.

నాగబాబు ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కలాసీ. ఒకసారి వేటకు వెళ్లి వచ్చేసరికి ఆ పొక్కులు తొడల మీదికీ పాకాయి.

పెళ్లికి ముందు స్నేహితులతో కలిసి పారాదీప్ రేవులో వెళ్లిన చోటు గుర్తొచ్చింది. పెద్ద రోగమే అంటుకుందనుకున్నాడు.

ఆ రోజు నుంచి భార్య పక్కన పడుకోవడం మానేశాడు. పాపను ఎత్తుకోవడమూ మానేశాడు.

"ఏటయ్యింది మావా నీకు? నామీద కోపమేటి?" అని అడిగింది అనూరాధ.

"ఉక్కగా ఉంది. నాను బయట పడుకుంతాను."

ఆమె గోడవైపు తిరిగి ఏడ్చింది. అది వినిపిస్తున్నా అతను లోపలికి వెళ్లలేదు.

చివరికి ఎవరికీ చెప్పకుండా పెద్దాసుపత్రికి వెళ్లాడు.

చర్మవ్యాధుల ఓపీ ముందు జనం కిటకిటలాడుతున్నారు. తన వంతు దగ్గరపడ్డాక తలుపు సందులోంచి లోపలికి చూశాడు. కుర్చీలో లేడీ డాక్టరు. చిన్న వయసు.

గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఎక్కడికి నాయినా?"

గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మ.

"సూపించుకోకుండా ఎలిపోతన్నావేటి?"

"నీకెందుకు?"

ఆమె గొంతు తగ్గించింది.

"సెప్పుకోలేని సోటా?"

నాగబాబు ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాడు.

"బ్రోకరువా నువ్వు? ఏ క్లినిక్కోళ్లు పెట్టారు నిన్నిక్కడ?"

"ఆ డాక్టరమ్మ నీలాటోళ్లని రోజూ సూత్తాది. ఆవిడికి లేని సిగ్గు నీకెందుకు నాయినా?"

అతను మెట్ల వైపు నడిచాడు. ముసలమ్మ లేచి, పరుగులాంటి నడకతో వచ్చి, చొక్కా పట్టుకుంది.

"వదులు!"

"వదల్ను. సూపించుకొని ఎల్లు."

"వదులంతన్నానా!"

విదిలించాడు. సముద్రంలో వలలు లాగే చేతులవి. ముసలమ్మ మెట్ల మీద పడింది.

పడిన చప్పుడుకి జనం తిరిగి చూశారు. నాగబాబు లేపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకేటీ అవలేదు. నువ్వు లోపలికెల్లు. నువ్వెల్తేనే నాను లెగుత్తాను."

అందరూ తననే చూస్తున్నారు. తప్పించుకోవడానికి వేరే దారి లేక లోపలికి వెళ్లాడు.

డాక్టర్ హిమబిందు లైటు వేసి చూసింది. ఆమె ముఖంలో అసహ్యం లేదు, ఆశ్చర్యమూ లేదు.

"ఇవి వైరస్ వల్ల వచ్చే పొక్కులు. షేవింగ్ చేసినా, ఒకరి తువాలు ఒకరు వాడినా పాకుతాయి. ఇక్కడే తీసేస్తాం."

"పెద్ద రోగం... కాదామ్మా?"

"పొక్కుల్ని చూస్తే కాదు. నీ భయం పోవాలంటే రక్తం కూడా పరీక్ష చేయిద్దాం."

బయటికి వచ్చేసరికి మెట్ల మీద ముసలమ్మ లేదు. లేచి వెళ్లిపోయి ఉంటుందనుకున్నాడు.

రక్తంలో ఏమీ లేదని తేలాక అనూరాధకు అంతా చెప్పాడు. పారాదీప్ సంగతి కూడా. ఆమె చాలా రోజులు మాట్లాడలేదు. మిగిలిన పొక్కులు తీయించుకోడానికి మళ్లీ ఆసుపత్రికి బయలుదేరే రోజున మాత్రం ఎండు నెత్తళ్ల చేపలు పొట్లం కట్టి అతని చేతిలో పెట్టింది.

"ఆ మామ్మకియ్యి."

ఓపీ గుమ్మం పక్కన ఎవరూ లేరు. సెక్యూరిటీ గార్డు తిరుమలరావు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇక్కడో మామ్మ కూకునేది కదా?"

"జోగమ్మా? పోయింది బావా. మెట్ల మీద పడితే తుంటి ఇరిగిపోయింది. మంచం మీద ఉండగా నెమ్ము సేసింది. మరి లెగలేదు."

నాగబాబు మెట్ల వైపు తిరిగి చూశాడు.

"ఎవులు తోసారని ఎంతడిగినా సెప్పలేదు. నానే కాలు జారి పడ్డానంది."

"ఆవిడికేటి జబ్బు? రోజూ ఎందుకొచ్చేది?"

"జబ్బేటీ లేదు. ఎలమంచిలి కాడ్నించి పొద్దున్నే రైల్లో వచ్చి, ఓపీ మూసేదాకా ఇక్కడే కూకునేది. ఎనక్కి తిరిగినోడ్ని లోపలికి తోసేదాకా ఊరుకునేది కాదు."

"ఎందుకలాగ?"

"ఆవిడి కొడుక్కి గజ్జల్లో గడ్డలు ముదిరిపోయాయి. ఇక్కడికి తెచ్చేసరికే సెయ్యి దాటిపోయింది. వారం తిరక్కుండా పోయాడు."

"ముందే తీసుకురావాల్సింది కదా?"

తిరుమలరావు గుమ్మం వైపు చూశాడు.

"కుర్రోడు ముందే వచ్చాడు బావా. పదిమందికీ తెలిస్తే నీకు పిల్లనెవులిత్తారని, ఈ గుమ్మంలోంచి సెయ్యట్టుకొని ఎనక్కి లాక్కెల్లిపోయింది ఆవిడే."