చప్పుడు లేని మోపెడ్

"ఈ మోటారు పీకేసి నా పాత ఇంజనే బిగించెయ్" అన్నాడు సూపర్‌వైజరు, తాళంచెవి బల్లమీద విసిరి.

మెకానిక్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు. నీళ్ళ ఆఫీసు సూపర్‌వైజరు మోపెడ్‌కి పెట్రోలు ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టి ఇంకా వారమే అయింది. బండి బాగుందని ఈయన ఒక్కమాట అంటే ఆ ఆఫీసు ఫిట్టర్ల మోపెడ్‌లన్నీ ఈ షెడ్డుకే వస్తాయి. బాగాలేదన్నాడో, షెడ్డుకి తాళం వేసుకోవడమే.

"ఏమైంది సార్? పికప్ లేదా? బ్యాటరీ తొందరగా దిగిపోతోందా?"

"అవన్నీ బానే ఉన్నాయి."

"మరి?"

"చప్పుడు లేదు."

ఆ చప్పుడు పోగొట్టడానికి మెకానిక్ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. మోటారు నుంచి వచ్చే మూడు లావు తీగల్ని, దాన్ని నడిపించే కంట్రోలర్‌కి ఒక వరసలో కలిపితే చక్రం గర్రుమని వణికింది. ఇంకో వరసలో కలిపితే ఎంచక్కా వెనక్కి తిరిగింది. వరసలన్నీ మార్చి మార్చి, కంట్రోలర్‌ని లాప్‌టాప్‌కి తగిలించి సెట్టింగులన్నీ సవరించి, చివరికి చక్రం తిరుగుతోందో లేదో కళ్ళతో చూస్తే తప్ప తెలియనంత మెత్తగా చేశాడు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

"సార్, చప్పుడు లేకపోవడమే దీని గొప్ప. అందరూ దానికోసమే కదా..."

"అందరి సంగతి నాకెందుకయ్యా? చప్పుడొస్తే మోటారు ఉంచు. రాదంటే పీకెయ్."

మూల కూర్చుని సోల్డరింగ్ చేస్తున్న మెకానిక్ అక్క తలెత్తకుండానే, "పోనీ గట్టి హారనొకటి పెట్టరా తమ్ముడూ" అంది.

"హారను కాదమ్మా. మోపెడ్ చప్పుడు. డుబడుబమని, మునుపు ఎలా వచ్చేదో అలాగే రావాలి. మా వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా వినబడాలి."

అక్కకి నవ్వాగలేదు. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ సూపర్‌వైజరంటే ఆఫీసులో అందరికీ హడల్. ఆయన మెట్లెక్కుతున్నాడంటే ఫిట్టర్లు టీ గ్లాసులు బల్లకింద దాచేస్తారని చెప్పుకుంటారు. ఇంట్లోనూ అదే తంతు కాబోలు.

"ఇంకా అర్థం కాలేదుట్రా?" అంది తమ్ముడి చెవిలో. "పులి వస్తోందని ముందే తెలియాలి. పిల్లలు పుస్తకాలు పట్టుకోవాలి, ఆవిడ చేస్తున్న పని వదిలేసి పరుగెత్తుకొచ్చి గేటు తియ్యాలి. చప్పుడు పోయేసరికి పాపం, దొరగారికి మర్యాద తగ్గింది."

"నెమ్మదక్కా, తల్లీ! వింటే నా నోట్లో మట్టే."

మెకానిక్ అలమరలోంచి సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి తీశాడు. ఫోన్లో రికార్డు చేసిన ఏ చప్పుడునైనా అది మోగిస్తుంది. పక్కవీధి పాలవాడి డొక్కు మోపెడ్ దగ్గరికెళ్ళి, బతిమాలి స్టార్టు చేయించి, ఆ మోత ఫోన్లోకి పట్టుకొచ్చాడు. యాక్సిలరేటరు తీగకి డబ్బాని కలిపాడు. ఎంత తిప్పితే అంత గట్టిగా మోగేలా లాప్‌టాప్‌లో లెక్క కుదిర్చాడు. సీటు కింద స్పీకరు బిగించాడు. అంతసేపూ సూపర్‌వైజరు చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష హాల్లో తిరిగినట్టు షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు.

"తిప్పండి సార్."

తిప్పాడు. డుబడుబడుబ! షెడ్డు రేకులు అదిరాయి. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి, బండి ఎక్కడుందో తెలియక నాలుగు దిక్కులా మొరిగింది. సూపర్‌వైజరు కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఇంకాస్త పెంచు."

పెంచాడు.

"ఆఁ! అదీ."

మెకానిక్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఫిట్టర్ల మోపెడ్‌లు వరసకట్టి వస్తున్నట్టే అనిపించింది. ఆ ఉత్సాహంలో నోరు ఊరుకోలేదు.

"సార్, రోజంతా ఈ మోతెందుకు, బ్యాటరీ దండగ. హ్యాండిల్ దగ్గర చిన్న స్విచ్చి పెట్టేస్తా. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు, మీ వీధిలోకి తిరగ్గానే నొక్కండి. ఇంటిల్లిపాదీ గేటు దగ్గరికొచ్చి నిలబడకపోతే నన్నడగండి."

సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపాడు. "స్విచ్చి పెట్టు, బానే ఉంది. కానీ వచ్చేటప్పుడు అక్కర్లేదు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మోగితే చాలు."

అక్క సోల్డరింగ్ ఆపేసి తలెత్తింది. "బయల్దేరేటప్పుడా? వెళ్ళిపోయే బండి చప్పుడు ఎవరికి వినబడాలి సార్?"

సూపర్‌వైజరు సీటుమీద లేని దుమ్ము చేత్తో దులిపాడు. ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ విననంత మెత్తగా మాట్లాడాడు.

"రోజూ వీధి చివర బండి ఆపి, కాసేపు మా ఇంటివైపు చెవి పెట్టి, ఆ తర్వాతే ఆఫీసుకెళ్ళడం నాకలవాటమ్మా. ఈ మోటారు పెట్టినప్పట్నుంచీ, నేను వెళ్ళానో గేటు దగ్గరే ఉన్నానో తెలీక, మా ఇంట్లో ఎవరూ నవ్వడం లేదు."